మంగళవారం పడిన గాటు

సెలూన్లలో కొత్తగా పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఈ మధ్య నన్ను చూడటానికి వస్తుంటారు. మగవాళ్ళ గడ్డాలు గీసిన ఆడమనిషి ఎలా ఉంటుందో చూద్దామని కాబోలు. చూసి, కొంచెం నిరాశపడి, టీ తాగి వెళ్తారు. లేచేముందు అందరూ అడిగేది ఒకటే: "ఎప్పుడైనా కోశారా ఆంటీ?" కోశాను. చిన్న చిన్నవి ఎన్నో గుర్తు లేదు. ఒకటి మాత్రం చెప్పదగ్గది. అడిగినప్పుడల్లా సగం చెప్పి ఆపేస్తున్నాను. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు ఉన్నాయి కదా, మిగతా సగం కూడా ఇక్కడ రాసేస్తే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఢిల్లీ బేర్ సరాయ్‌లో మాకో కుర్చీ ఉండేది. కొట్టు మాది కాదు, కుర్చీ ఒక్కటే మాది. రెండు కుర్చీల కొట్టు. ఒకదాని దగ్గర మా ఆయన, రెండోదాని దగ్గర ఘాజియాబాద్ నుంచి రోజూ లోకల్ రైలెక్కి వచ్చే ఒక పెద్దాయన. ఆయన్ని నేను భాయ్‌సాబ్ అనేదాన్ని, ఆయన నన్ను భాభీ అనేవాడు. కొట్టు వెనక గదిలోనే మా కాపురం. మాది విజయనగరం వైపు. మా కులవృత్తి క్షౌరమే గానీ, మా ఇళ్ళలో కత్తి మగవాళ్ళది. ఆడవాళ్ళు పురుళ్ళు పోసేవారు. నేను ఆ రెండూ చేయలేదు. తువ్వాళ్ళు ఉతకడం, నీళ్ళు కాచడం, నేల మీద జుట్టు ఊడవడం, ఇదీ నా పని.

అలా ఉండగా మా ఆయన చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ తాగేటప్పుడు, తరవాత కత్తెర పట్టినప్పుడు. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు, మందులిచ్చారు. వణుకు తగ్గలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే కొట్టు యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఇంట్లో మా ఆయన గడ్డం అప్పటికే నేను గీస్తున్నాను, మామూలు సేఫ్టీ రేజర్‌తో. అది చూసిన ఒక తెలుగు కుర్రాడు ఒక ఆదివారం రద్దీలో అన్నాడు: "అంకుల్‌కి గీస్తున్నారు కదా ఆంటీ, నాకూ గీసేయండి, క్లాసుకి లేటవుతోంది." గీసేశాను. అలా కుర్చీ నిలిచింది.

బేర్ సరాయ్ అంటే పరీక్షలకి చదివే పిల్లల ఊరు. మెట్ల కింద గదులు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు, పాత నోట్సు అమ్మే కొట్లు. ఆ పిల్లలకి గడ్డం గుర్తొచ్చేది వారానికోసారి. ఆ గడ్డాల ముందు సేఫ్టీ రేజర్ పని చేయదు. రెండు గీతలు గీసేసరికి దాని సందుల్లో వెంట్రుకలూ నురగా ఇరుక్కుపోతాయి. మగ్గులో ముంచి ఆడించాలి, మళ్ళీ గీయాలి, మళ్ళీ ముంచాలి. ఒకే చోట నాలుగుసార్లు పోయేసరికి చర్మం రేగి, మర్నాటికి మెడ నిండా ఎర్రగా పొక్కులు.

భాయ్‌సాబ్ తన కుర్చీ దగ్గర్నుంచి చూస్తూ ఉండేవాడు.

"భాభీ, గడ్డం ఇలా గీస్తే హజామత్ కాదు. పొలంలో ట్రాక్టర్."

"మీకేం భాయ్‌సాబ్, చిన్నప్పట్నించీ పట్టారు."

"నువ్వూ పట్టు. వద్దన్నదెవరు? ఆ మిషన్ ఇంట్లో వాడుకునేది. కుర్చీ దగ్గర నిలబడ్డాక ఉస్తరా పట్టాల్సిందే."

ఉస్తరా అంటే మన మడత కత్తి. రోగాల భయం వచ్చాక దాని అంచు నూరే పద్ధతి పోయింది. మనిషికొక కొత్త బ్లేడు. సేఫ్టీలో వేసే బ్లేడునే కాగితంలో ఉండగా మధ్యకి విరిచి, ఒక ముక్క కత్తిలో బిగిస్తారు. బ్లేడు అదే. సేఫ్టీలో దానికి కింద పళ్ళ కంచె ఉంటుంది, కత్తిలో ఉండదు. అంతే తేడా. ఆ తేడా తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

నేర్చుకున్నది బెలూన్ల మీద. ఊది, నురగ పూసి, పగలకుండా నురగంతా కత్తితో తీసేయాలి. వెనక గదిలో కూర్చుని సాధన చేసేదాన్ని. ఒకటి పగిలినప్పుడల్లా మంచం మీద మా ఆయన ఉలిక్కిపడేవాడు.

"ఎవర్నే చంపేసావు?" అనేవాడు.

"ఎవర్నీ కాదు. మళ్ళీ పడుకో."

"నన్ను మాత్రం ఆ మిషన్‌తోనే గియ్యి. నాకు తొందరేటీ లేదు."

వరసగా పది బెలూన్లు బతికాక భాయ్‌సాబ్ తన బుగ్గ ఇచ్చాడు. "గీయి. పాత చెప్పులాంటి తోలు, తెగదు," అన్నాడు. తెగలేదు. ఆ తరవాత ఆయన పక్కనే నిలబడి చూస్తుండగా గిరాకీల మీద గీయడం మొదలుపెట్టాను. రోజుకి రెండు మూడు గడ్డాలు కత్తితో, మిగతావి సేఫ్టీతో. ఆయన తల ఊపితే కత్తి, ఊపకపోతే సేఫ్టీ.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. మా వీధుల్లో ఉన్న క్షౌరశాలలన్నిటికీ ఒక పెద్ద ఉండేవాడు. ప్రధాన్ అనేవారు. మంగళవారం ఎవరూ కొట్టు తెరవకూడదు. అది ఢిల్లీ అంతటా ఉన్న ఆచారమే. మన వైపు కూడా మంగళవారం గడ్డం గీయించుకోరు కాబట్టి మాకు కొత్తగా అనిపించలేదు. తెరిస్తే తప్పు, ప్రధాన్ దగ్గర పంచాయితీ. ఆడమనిషి కుర్చీ దగ్గర నిలబడటం ఆయనకి అసలే నచ్చలేదు. భాయ్‌సాబ్ వెళ్ళి బతిమాలితే ఒప్పుకున్నాడు గానీ నా మొహం చూడకుండా ఒక మాటన్నాడు: "ఠీక్ హై. ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే కుర్చీ ఖాళీ." ఆ మాట నా తలలో ఉండిపోయింది.

ఇక ఆ అబ్బాయి. కర్నూలు వైపు అబ్బాయి. సివిల్స్ రాస్తున్నాడు. మా కొట్టుకి రెండు సందుల అవతల గది. మాట నెమ్మది, గడ్డం మాత్రం ముళ్ళకంప. తనే గీసుకుంటే మెడంతా పొక్కులు లేచి రక్తం చిమ్మేది, అందుకని మా దగ్గరికే వచ్చేవాడు. ఎక్కువగా భాయ్‌సాబ్ కుర్చీలో కూర్చునేవాడు. రెండుసార్లు మాత్రం భాయ్‌సాబ్ తల ఊపితే నేను కత్తితో గీశాను. బాగానే వచ్చింది. ఆ ఏడు అతను రాతపరీక్షలు రెండూ దాటి ఇంటర్వ్యూకి పిలుపు తెచ్చుకున్నాడు. అది అతని మూడో ప్రయత్నం. రాయడానికి ఇంకొక్కసారే అవకాశం ఉంది. వీధిలో తెలుగు పిల్లలందరూ అతన్ని అప్పుడే కలెక్టర్ గారూ అని పిలవడం మొదలుపెట్టారు. అతను వద్దని చేతులు ఊపేవాడు.

ఇంటర్వ్యూ మంగళవారం పడింది.

సోమవారం సాయంత్రం వచ్చి భాయ్‌సాబ్ చేత గీయించుకోవాలని అనుకున్నాడట. కోచింగ్ వాళ్ళు చివరి అభ్యాసం అని ఊరి అవతలికి పిలిచారు. తిరిగి వచ్చేసరికి మా షట్టర్ దించేశాం, భాయ్‌సాబ్ రైలెక్కేశాడు. మంగళవారం ఉదయం ఆరుగంటలకి వెనక తలుపు చప్పుడైంది. తీస్తే ఇతను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా హ్యాంగర్‌తో సహా చేతిలో ఉంది. వేసుకున్నది బనీను. మొహం మీద మూడు రోజుల గడ్డం.

"ఏటి బాబూ, ఇంత పొద్దున్నే?"

"ఆంటీ, తొమ్మిదికంతా అక్కడుండాల. నేనే గీసుకుందామని రేజర్ పట్టినా. చెయ్యి ఆడలేదు. రక్తం కారుకుంటా పోతే ఏమనుకుంటారు?"

"ఇవాళ మంగళవారం నాయనా."

"తెలుసు ఆంటీ. షట్టర్ తెరవొద్దు. లోపల్లోపలే."

మా ఆయన మంచం మీంచి "గీసెయ్యే, పాపం," అన్నాడు. అని అటు తిరిగి పడుకున్నాడు.

కొట్టులోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. షట్టర్ దించే ఉంది. ఒక్క బల్బు వెలుగు. అద్దం ముందు సేఫ్టీ రేజర్ ఉంది, కత్తి ఉంది. తల ఊపడానికి భాయ్‌సాబ్ లేడు. సేఫ్టీ తీస్తే పొక్కులు ఖాయం. ఇతని చర్మానికి గంటలోనే మెడంతా ఎర్రగా అవుతుంది. కానీ గాటు పడదు. కత్తితో పొక్కులు రావు. గాటు పడకపోతే.

నేను కత్తి తీశాను. జాలిపడి తీశానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి, కలెక్టర్ కాబోయేవాడి గడ్డం కత్తితో గీశానని రేపు భాయ్‌సాబ్‌తో చెప్పాలని కూడా ఉంది. ఏది ఎంత పాలో ఇప్పుడు తెలియదు.

ఎడమ బుగ్గ అయింది. గడ్డం కింద అయింది. కుడివైపు చెవి కింద, దవడ మలుపు దగ్గర ఉన్నాను. ఆ చోటికి గీసేవాళ్ళు కుర్చీ వెనక నిలబడి చెయ్యి ముందుకి పోనిస్తారు. అప్పుడు బయట షట్టర్ పక్కనే ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు. ప్రధాన్‌ది. పొడి దగ్గు, చివర్లో గొంతు సవరించుకుంటాడు.

సేఫ్టీకి అలవాటైన చెయ్యి అనుమానం వస్తే నొక్కుతుంది. కంచె ఉంది కదా, నొక్కినా ఏమీ కాదు. కత్తి పట్టిన చెయ్యి అనుమానం వస్తే పైకి లేవాలి. భాయ్‌సాబ్ నాకు వందసార్లు చెప్పిన మాట ఇదొక్కటే. దగ్గు వినగానే నా చెయ్యి నొక్కింది.

అతను కదల్లేదు. కళ్ళు మాత్రం తెరిచాడు. అద్దంలో ఇద్దరం చూశాం. ముందు తెల్లగా గీత, ఒక్క క్షణం ఏమీ లేదు, తరవాత ఎర్రగా నిండింది. అంగుళం పైనే ఉంటుంది.

చల్లనీళ్ళు, పటిక. పటిక అద్ది పట్టుకుంటే మండుతుంది, అతను పళ్ళు బిగించాడు. తీస్తే మళ్ళీ వస్తుంది. మళ్ళీ అద్దాను. మిగిలిన కాస్త గడ్డం ఎలా పూర్తి చేశానో గుర్తు లేదు. సేఫ్టీతోనే అనుకుంటాను. ఏడు దాటాక రక్తం ఆగింది. సన్నటి ఎర్రగీత, పక్కన పటిక తెల్లపొడి.

"కాలర్‌కి అంటదు కదా ఆంటీ?"

"అంటదు. తల అటూ ఇటూ ఎక్కువ తిప్పకు."

"తిప్పకుండా ఎట్లా? ఐదుగురు కూర్చుంటారు అక్కడ," అని నవ్వబోయి ఆగిపోయాడు, చర్మం లాగినట్టుంది.

అప్పుడు నేను అతనితో ఒక మాటన్నాను. కత్తి జారింది చేతి తప్పు. ఇది తెలిసి చేసిన తప్పు.

"బాబూ, ఎవరైనా అడిగితే నువ్వే గీసుకున్నానని చెప్పు. ఇవాళ కొట్టు తెరిచామని ఇక్కడెవరికైనా తెలిస్తే మా కుర్చీ పోద్ది."

"సరే ఆంటీ. మీకు మాట రానీయను."

చొక్కా తొడుక్కుని, టై జేబులో పెట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. నేను తువ్వాలు నానబెట్టాను.

నేనన్నది వీధిలో వాళ్ళ గురించి. అక్కడ బల్ల అవతల కూర్చునే పెద్దమనుషులు గాటు గురించి అడుగుతారని నాకు తోచలేదు. అతను నాకు మాట ఇచ్చేశాడు, ఎవరి దగ్గరైనా సరే అదే చెప్పాలనుకున్నాడు. అలాంటి మనిషి.

తరవాత అతను కొట్టుకి రాలేదు. ఫలితాలు వచ్చాయి. పుస్తకాల కొట్టు గోడకి కాగితాలు అంటించారు. పిల్లలు ఒకరి భుజాల మీంచి ఒకరు చూశారు. అతని పేరు లేదని మెస్సు కుర్రాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ సాయంత్రం కలెక్టర్ గారూ అని ఎవరూ పిలవలేదు.

మరో రెండు వారాలకి ఒక మధ్యాహ్నం వచ్చాడు. కొట్టులో గిరాకీ లేదు. భాయ్‌సాబ్ తన కుర్చీలో తనే కూర్చుని పేపర్ చూస్తున్నాడు. ఇతను బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డం నెలరోజులది.

"గియ్యమంటావా?"

"వద్దాంటీ. ఊరికే వచ్చినా." కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. "ఒకటి చెప్పాలని వచ్చినా. మీరు ఏమీ అనుకోకూడదు."

"చెప్పు."

"లోపలికి పోయి కూర్చుంటూనే ఒకాయన అడిగినాడు, ఏమయ్యా ఆ దెబ్బేంది అని. తెల్లమీసాలు, మిలిటరీ నుంచి వచ్చినాయన అనుకుంటా. మామూలుగానే అడిగినాడు, నాకు భయం పోగొట్టడానికి. నేను, తొందరలో గీసుకుంటా కోసుకున్నా సార్, అన్నా. దేంతో అన్నాడు. సేఫ్టీ రేజర్ అన్నా. ఆయన నవ్వినాడు. ముప్ఫై ఏళ్ళు మా పటాలం మంగలి నాకు ఇట్లాంటి గాట్లే పెట్టినాడు, నీ గాటు వెనక నుంచి పడింది, నువ్వే కోసుకున్నావా అన్నాడు."

నా చేతిలో దువ్వెన ఉంది. దాన్ని తుడుస్తూ ఉండిపోయాను.

"నువ్వేమన్నావు?"

"అవును సార్ అన్నా. రెండోసారి కూడా."

"తరవాత?"

"కాగితంలో ఏదో రాసుకున్నాడు. దాని గురించే రాసినాడో వేరేదో. వేరేవాళ్ళు ప్రశ్నలు మొదలుపెట్టినారు. నాకు తెలిసినవే ఆంటీ. నా చెయ్యేమో గాటు మీదికి పోతాంది. ఏం చెప్పినానో నాకే తెలీదు."

మేం తెలుగులో మాట్లాడుకుంటున్నాం కాబట్టి భాయ్‌సాబ్‌కి మాటలు అర్థం కాలేదు. మొహాలు అర్థమైనట్టున్నాయి. పేపర్ మడిచి, "క్యా హువా భాభీ?" అన్నాడు. అప్పటిదాకా ఆయనకీ చెప్పలేదు నేను. అంతా చెప్పాను. మంగళవారం, కత్తి, దగ్గు, గాటు, ఆ తరవాత నేనన్న మాట.

ఆయన లేచి అబ్బాయి మొహం పైకెత్తి దవడ కింద చూశాడు. గడ్డంలోంచి మచ్చ సన్నగా కనిపిస్తోంది. వేలితో ఆ గీత వెంట పోయాడు.

"చూడు. ఇక్కడ, చెవి దగ్గర లోతు. ముందుకి వచ్చేసరికి తేలిక. ఎవరైనా తన చేత్తో తను గీసుకుంటే గాటు ఇలా రాదు, తిరగబడి ఉంటుంది. పైగా సేఫ్టీ ఇంత పొడుగు గీత గీయదు. గీకుతుంది, అంతే. ఆ సాహెబ్ ఎవరో గానీ గడ్డం గీయించుకోవడం తెలిసినవాడు." తరవాత నా వైపు తిరిగి, "గాటు నయమవుతుంది భాభీ. ఆ మాట ఎందుకు అనిపించావు?" అన్నాడు.

"ప్రధాన్ భయం."

ఆయన మళ్ళీ పేపర్ తీశాడు.

"తప్పు నాది బాబూ," అన్నాను అతనితో.

"చెప్పిన నోరు నాదే కదాంటీ. షాపులో గీయించుకున్నా సార్, నేర్చుకుంటాన్న ఆంటీ గీసింది, అని ఉంటే అందరూ నవ్వి వదిలేసుంటారు. ఇంకొక్కసారి ఉంది. చూద్దాం," అని లేచాడు.

అతను తప్పడానికి అదే కారణమా? నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఆ పరీక్షలో గాటు లేనివాళ్ళు కూడా ఎంతోమంది తప్పుతారు. అయినా ఒక మనిషి ఏళ్ళ చదువు నా కొట్టులో ఒక్క మాటతో పక్కకి జరిగి ఉండొచ్చు అనే ఆలోచన మాత్రం ఆ ఏడంతా నాతో ఉంది. పని చేస్తూనే ఉన్నాను. కత్తి ముట్టుకోలేదు. పదిహేను రోజులు సేఫ్టీతోనే లాగించాను.

పదహారో రోజున ప్రధాన్ కొట్టుకి వెళ్ళాను. భాయ్‌సాబ్ వస్తానంటే వద్దన్నాను. అక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు.

"ప్రధాన్‌జీ, ఆ మధ్య ఒక మంగళవారం నేను గడ్డం గీశాను. పొద్దున్నే. షట్టర్ దించి."

ఆయన గిరాకీ తల మీద కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు. "ఎవరికి?"

"ఇంటర్వ్యూకి వెళ్ళే అబ్బాయికి. గాటు కూడా పెట్టాను."

"అచ్ఛా, ఆ కర్నూల్‌వాలా," అన్నాడు. అక్కడున్న ఒకడు నవ్వు ఆపుకోలేక గుడ్డ నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకడు అన్నాడు: "దీదీ, ఆ సీజన్‌లో మంగళవారం పొద్దున ప్రధాన్‌జీ ఎక్కడుంటాడో తెలుసా? సంచీ చంకన పెట్టుకుని హాస్టల్ గదులన్నీ తిరుగుతుంటాడు. ఇంటర్వ్యూ పిల్లలందరికీ ఆయనే."

ప్రధాన్ ఒకసారి దగ్గి గొంతు సవరించుకున్నాడు. "కొట్టు తెరవకూడదన్నాను. గడ్డం గీయొద్దని నేనెప్పుడన్నాను?" అన్నాడు. ఆ తరవాత మొదటిసారి నా మొహం చూశాడు. "గాటు చెప్పుకోవడానికి ఇంత దూరం వచ్చినవాణ్ణి నేను చూడలేదు. వెళ్ళి పని చూసుకో."

అంటే ఆ రోజు షట్టర్ బయట దగ్గిన మనిషి, నాలాగే, దొంగతనంగా ఎవరి గడ్డమో గీయడానికి పోతున్నాడు. నేను ఎవరికి భయపడి ఆ అబ్బాయి చేత అబద్ధం ఆడించానో ఆయనకి నా గురించి ఆలోచించే తీరికే లేదు. దారిలో నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు.

మర్నాటి నుంచి మళ్ళీ కత్తి పట్టాను. భాయ్‌సాబ్ సేఫ్టీని తీసి డ్రాయర్‌లో అడుగున పెట్టేశాడు. "రెండూ కళ్ళ ముందు ఉంటే చెయ్యికి రెండు మనసులు," అన్నాడు. చలికాలం గడిచేసరికి ఆయన తల ఊపడం మానేశాడు. చూడటమే మానేశాడు. నా చెయ్యి ఎప్పుడు లేవడం నేర్చుకుందో నాకు తెలియదు. ఒకరోజు కరెంటు పోయింది. చీకటి కమ్మగానే కత్తి బుగ్గ మీంచి దానంతటదే లేచి గాల్లో ఉంది. అప్పుడు గమనించాను.

ఆ అబ్బాయి మళ్ళీ రాశాడు. మళ్ళీ రెండూ దాటాడు. ఇది ఆఖరుది. ఇంటర్వ్యూకి ఇరవై రోజుల ముందు వచ్చాడు, జేబులో తన సేఫ్టీ రేజర్‌తో.

భాయ్‌సాబ్ తువ్వాలు దులిపి తన కుర్చీ చూపించాడు. "రా బేటా. ఈసారి నేను. రోజు ఏదైనా సరే, నేనే గీస్తాను."

"వద్దు చాచా," అని హిందీలో అన్నాడు. నాతో తెలుగులో చెప్పాడు. "ఈసారి నేనే గీసుకుంటా ఆంటీ. గాటు పడితే పడనీ, పొక్కు లేస్తే లేవనీ. అడిగితే నేనే సార్ అంటా. నిజమే చెప్పినట్టయితాది. మీరు గీయొద్దు. నేర్పించండి."

సేఫ్టీతో గీయడం నేర్పమని నన్నడిగినవాడు అతనొక్కడే. కుర్చీ దగ్గర నేను దాన్ని వదిలి ఏడాదవుతోంది. అద్దం ముందు నిలబెట్టి, నేను వెనక నిలబడ్డాను, చేతులు వెనక్కి కట్టుకుని. అతను నురగ పూసుకుని రేజర్ పెట్టగానే తెలిసిపోయింది. నొక్కుతున్నాడు. నేను నొక్కినట్టే.

"కంచె ఉందని నొక్కకు బాబూ. లేదనుకో. దాని బరువు అది మోసుకుంటాది, నువ్వు దారి చూపించు చాలు."

"గీయడం లేదాంటీ, ఊరికే జారిపోతాంది."

"వెంట్రుక మెత్తబడలేదు మరి. వేడి తువ్వాలు ఇంకో రెండు నిమిషాలు ఉంచు. తొందరేటి? ఆఁ, ఇప్పుడు. పైనుంచి కిందికి. ఒక్కసారే. మిగిలిపోతే మిగలనీ."

"కింద నుంచి పైకి లాగితే నున్నగా వస్తాది కదా?"

"ఆ నునుపే నీ పొక్కు."

అన్నీ కత్తి దగ్గర నేర్చుకున్నవే. సేఫ్టీ పట్టుకుని ఇన్నాళ్ళు గీసినప్పుడు వీటిలో ఒక్కటీ నాకు తెలియదు. కంచె ఉన్నంతకాలం తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

రోజు విడిచి రోజు వచ్చేవాడు. మా అద్దం, మా వేడినీళ్ళు, అతని రేజర్. భాయ్‌సాబ్ ఓపిగ్గా చూసి ఒకరోజు అన్నాడు: "భాభీ, ఇలా ఊరందరికీ నేర్పావంటే నేను ఘాజియాబాద్‌లో గేదెలు కాసుకోవాలి." మూడో వారానికి పొక్కులు లేవడం తగ్గింది. రెండు మూడు మిగిలాయి. ఇంటర్వ్యూ రోజు పొద్దున అతను మా దగ్గరికి రాలేదు. తన గదిలో తనే గీసుకుని వెళ్ళాడు. సాయంత్రం దారిలో పోతూ తొంగి చూశాడు. గడ్డం కింద చిన్న పొక్కు ఒకటి ఉంది.

"అడిగారా?" అన్నాను.

"గడ్డం గురించి ఎవరూ అడగలేదు ఆంటీ. మా ఊరి రాళ్ళ గురించి అడిగినారు, నాపరాళ్ళ గురించి. అరగంట అదే."

ఈసారి గోడ మీది కాగితంలో అతని పేరు ఉంది. చివరి వైపు ఉంది. కలెక్టర్ ఉద్యోగం కాదు, ఇంకేదో కేంద్ర సర్వీసు. అతని నోటి నుంచే మూడుసార్లు విన్నా దాని పేరు నాకు పట్టుబడలేదు. గది ఖాళీ చేసే ముందు రోజు వచ్చాడు. ఫలితాల కోసం ఎదురుచూసిన రోజులన్నీ గడ్డంలోనే ఉన్నాయి. భాయ్‌సాబ్ కుర్చీ ఖాళీగానే ఉంది. నా కుర్చీలో ఒకాయన ఉన్నాడు. బెంచీ మీద కూర్చుని నా కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగాడు. కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు కత్తి తీయండి ఆంటీ. ఇంక నన్నెవరూ అడగరు."

ఆ గడ్డం గీయడానికి చాలాసేపు పట్టింది. శిక్షణకి ఎక్కడికి పంపుతారో, అక్కడ చలి ఎలా ఉంటుందో చెప్పుకుంటూనే ఉన్నాడు. కత్తి దవడ మలుపు దగ్గర ఉన్నప్పుడు మాట్లాడొద్దని రెండుసార్లు చెప్పాను. రెండోసారి కొంచెం గట్టిగానే చెప్పాను.